పాత డిస్కు, ఆగిపోయే ఇన్‌స్టాలేషన్

ప్రశ్న: అవనిగడ్డలోని మా కంప్యూటర్ సెంటర్‌కి పాత సర్వర్ డిస్కులు కొన్నాం. డెబియన్ దానంతటదే ఎక్కేలా ప్రిసీడ్ ఫైలు రాశాను. కొన్నిట్లో ఎక్కుతోంది, కొన్నిట్లో పార్టిషన్ల దగ్గర ఆగిపోతోంది. ఫార్మాట్ చేసినా అంతే.
– ఒక పాఠకుడు, పాలకాయతిప్ప

జవాబు: మీ ఫైలులో తప్పుండకపోవచ్చండి. ఆ డిస్కులు ఇదివరకు రెయిడ్‌లోనో, ఎల్‌వీఎంలోనో పనిచేసి ఉంటాయి. ఆ గుర్తులు మామూలు ఫార్మాట్‌తో పూర్తిగా పోవు. జీపీటీ పట్టిక నకలు, కొన్ని రకాల రెయిడ్ సమాచారం డిస్కు చిట్టచివర ఉంటాయి. మొదటి భాగాన్ని సున్నాలతో నింపినా అవి చెక్కుచెదరవు. ఇన్‌స్టాలర్ వాటిని చూసి, పాతది తీసెయ్యమంటారా అని అడుగుతుంది. జవాబు చెప్పేవాళ్లు అక్కడ ఉండరు కదా!

కావాల్సిన ఫైళ్లు ముందే తీసుకోండి. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో డిస్కు పేరు, సైజు సరిచూసుకోండి. ఇక్కడ తొందరపడితే వేరే డిస్కు తుడిచిపెట్టుకుపోతుంది. పాత రెయిడ్, ఎల్‌వీఎం నడుస్తుంటే ఆపండి. వైప్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌ను ఆప్షన్లేమీ లేకుండా నడిపితే గుర్తులను చూపిస్తుంది, అంతే. అవి చూశాక ‘ఎ’ ఆప్షన్‌తో ముందు పార్టిషన్లను, ఆ తర్వాతే మొత్తం డిస్కును తుడిచి రీబూట్ చేయండి. పాత రెయిడ్, ఎల్‌వీఎం తొలగించమనే లైన్లు ప్రిసీడ్‌లోనూ పెట్టండి.

డిస్కు టకటకమన్నా, అందులో ఎవరివో లెక్కలు, రికార్డులు ఉన్నాయని అనుమానమొచ్చినా, మిషన్‌లో రెయిడ్ కార్డు ఉన్నా ఏదీ తుడవకండి. సర్వర్లు తెలిసిన టెక్నీషియన్‌కి నేరుగా చూపించండి.