భోగిమంట వెలుగులో ఏ కెమెరా?

చెల్లీ, నాలుగు డబ్బులు కూడబెట్టుకుని మంచి కెమెరా ఒకటి కొనుక్కోవాలనుకుంటున్నావు. డీఎస్‌ఎల్‌ఆర్ తీసుకోనా, చేతిసంచిలో పట్టే కాంపాక్ట్ తీసుకోనా అన్న దగ్గర ఆగిపోయావు. ఈ ప్రశ్న అడగ్గానే చుట్టూ ఉన్నవాళ్ళు మెగాపిక్సెళ్ళ లెక్కలు ఎత్తుకుంటారు. వాటిని కాసేపు పక్కన పెట్టు. ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పు. నువ్వు తీయాలనుకుంటున్న ఫోటోలు ఏ వేళప్పటివి?

ఒక్కసారి ఏడాది పొడుగునా వచ్చే సందర్భాలు గుర్తు చేసుకో. భోగిమంట తెల్లవారకముందే వేస్తాం. సంక్రాంతి ముగ్గు తొలివెలుగులో పడుతుంది. బతుకమ్మ ఆట పొద్దుగూకాక ఊపందుకుంటుంది. దీపావళికీ కార్తీక దీపాలకీ చీకటి పడాల్సిందే. పెళ్ళి ముహూర్తాలు ఎన్నో అర్ధరాత్రివో తెల్లవారుజామువో. బడిలో వార్షికోత్సవం సాయంత్రం, రంగురంగుల లైట్ల కింద. అన్నప్రాసన, అక్షరాభ్యాసం, సీమంతం లాంటివి పగలే జరిగినా నడింట్లో, ట్యూబ్‌లైటు కింద, చుట్టూ జనం మూగి ఉండగా జరుగుతాయి. మనం దాచుకోవాలనుకునే ఘడియలు చాలావరకు వెలుతురు తక్కువగా ఉన్నప్పుడే వస్తాయి. పైగా ఆ ఘడియల్లో ఎవరూ కదలకుండా నిలబడరు. తలంబ్రాలు పోసుకునే చేతులు ఆగవు, బతుకమ్మ చుట్టూ తిరిగే అడుగులు ఆగవు.

అందుకే కెమెరా ఎన్నుకోవడానికి మన ఇళ్ళకు సరిపడే కొలత ఒకటే అని నా నమ్మకం. తక్కువ వెలుతురులో, కదిలే మనుషుల్ని అది ఎంత బాగా పట్టగలదు? మిగతావన్నీ దీని తరవాతే.

ఫోన్ ఉందిగా, అది చాలదా అంటావేమో. పగటిపూట చాలావాటికి చాలు. ప్రపంచమంతా అలాగే అనుకుంది. 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు దుకాణాలకు చేరితే, 2023కి ఆ సంఖ్య కోటి లోపుకు పడిపోయింది. కానీ చీకట్లో ఫోన్ చేసే పని వేరు. వరసగా కొన్ని ఫ్రేములు తీసి, వాటిని కలిపి ఒక్క బొమ్మగా చూపిస్తుంది. కదలని దీపానికి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ దీపం పట్టుకుని పరుగెత్తే పాప దగ్గరికి వచ్చేసరికి ముఖం అలుక్కుపోతుంది. నీకు కెమెరా అవసరం అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కెమెరాలో వెలుతురును పట్టేది సెన్సర్. చవక కాంపాక్టుల్లో అది దాదాపు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 వెడల్పు ఉంటుంది. మంచి కాంపాక్టుల్లో ఉండేదాన్ని ఒక అంగుళం సెన్సర్ అంటారు. దాని కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు. కానన్ 1500డి లాంటి మొదటి మెట్టు డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ 22.3 × 14.9. వైశాల్యం లెక్కగడితే డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సర్ మంచి కాంపాక్ట్‌దానికి దాదాపు మూడింతలు, చవక కాంపాక్ట్‌దానికి పన్నెండింతలు. కాబట్టి ఒక మాట ఖాయం చేసుకో. ఆ చిన్న సెన్సర్ కాంపాక్ట్ వద్దే వద్దు. ముప్ఫై రెట్లు జూమ్ అని డబ్బా మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా సరే, మన పెళ్ళి పందిట్లో రాత్రిపూట అది నీ ఫోన్ కన్నా మెరుగైన ఫోటో ఇవ్వదు. ఇక పోటీ ఒక అంగుళం కాంపాక్ట్‌కూ డీఎస్‌ఎల్‌ఆర్‌కూ మధ్యే.

ఇక్కడ చాలామంది తొందరపడి సెన్సర్ పెద్దది కదా అని డీఎస్‌ఎల్‌ఆర్ వైపు మొగ్గుతారు. కాస్త ఆగు, లెన్స్ సంగతి కూడా చూడాలి. లెన్స్ మీద ఎఫ్ 1.8, ఎఫ్ 3.5–5.6 అంటూ అంకెలుంటాయి. అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది. ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8 లెన్స్ దాదాపు పదిరెట్ల వెలుతురును రానిస్తుంది. 1500డితో డబ్బాలో వచ్చే 18–55 కిట్ లెన్స్ ఎఫ్ 3.5 దగ్గర మొదలై, జూమ్ చేసేసరికి ఎఫ్ 5.6కి చేరుతుంది. 2019లో వచ్చిన కానన్ జి7 ఎక్స్ మార్క్ 3 అనే కాంపాక్ట్ లెన్స్ ఎఫ్ 1.8 దగ్గర మొదలై, పూర్తిగా జూమ్ చేసినా ఎఫ్ 2.8 దగ్గరే ఆగుతుంది. సెన్సర్ వైశాల్యం, లెన్స్ వెలుతురు రెండూ కలిపి లెక్కేస్తే, కిట్ లెన్స్ తగిలించిన ఆ డీఎస్‌ఎల్‌ఆర్ కన్నా ఈ చిన్న కెమెరాదే కాస్త పైచేయి!

అలాగని ప్రతి కాంపాక్టూ ఇలాగే ఉంటుందనుకోకు. ఒక అంగుళం సెన్సర్‌తో 2012లో వచ్చిన మొదటి సోనీ ఆర్‌ఎక్స్100 కూడా ఎఫ్ 1.8తోనే మొదలవుతుంది, కానీ జూమ్ చేస్తే ఎఫ్ 4.9కి పడిపోతుంది. అందుకే లెన్స్ మీద రెండు అంకెలూ చదువు. మొదటిది చూపించి అమ్మేవాళ్ళుంటారు, రెండోది నువ్వే అడగాలి.

అయితే డీఎస్‌ఎల్‌ఆర్ దండగా? కానే కాదు. దాని బలమంతా లెన్స్ మార్చుకోవడంలో ఉంది. కానన్‌కు 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం అని 160 గ్రాముల బుజ్జి లెన్స్ ఒకటుంది. పదివేల రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. అది తగిలించావంటే లెక్క మొత్తం తిరగబడుతుంది. ముఖాలు తీసే దూరంలో ఆ కాంపాక్ట్ కన్నా ఆరేడు రెట్ల వెలుతురు నీ చేతికొస్తుంది. భోగిమంట ఎదురుగా కూర్చున్న నాయనమ్మ ముఖం మీది ఎర్రటి కాంతి, వెనకాల మెత్తగా కరిగిపోయిన చీకటి, ఫ్లాష్ వెయ్యకుండానే వస్తాయి. ఒక్క ఇబ్బంది ఉంది. ఈ లెన్స్‌తో ఇరుకు గదిలో పదిమందిని ఒక్క ఫ్రేములోకి తేలేవు, వెనక గోడ అడ్డొస్తుంది. అప్పుడు కిట్ లెన్స్ తగిలించుకోవాల్సిందే. నికాన్ వాడేవాళ్ళకు 35 ఎంఎం ఎఫ్ 1.8 డీఎక్స్ ఉంది, గదుల్లో అది ఇంకా వీలుగా ఉంటుంది.

బడి వార్షికోత్సవం కూడా డీఎస్‌ఎల్‌ఆర్ వైపే మాట్లాడుతుంది. పదిహేనో వరసలో కూర్చుని స్టేజీ మీద పాప ముఖం తీయాలంటే జేబు కెమెరా జూమ్ చాలదు. 55–250 లాంటి లెన్స్ కావాలి.

కాబట్టి నువ్వు తేల్చుకోవాల్సింది ఇదీ. రెండో లెన్స్ కొంటావా? కొన్నాక అవసరం వచ్చినప్పుడు మారుస్తావా? అవునంటే డీఎస్‌ఎల్‌ఆర్ తీసుకో. లేదు, ఒకే లెన్స్‌తో ఉంటాను అంటే మంచి కాంపాక్ట్ తీసుకో. కిట్ లెన్స్‌తోనే జీవితాంతం ఉండిపోయే డీఎస్‌ఎల్‌ఆర్‌కు పెట్టే డబ్బు నీకు పూర్తిగా ఫలితమివ్వదు. ధర కూడా మనసులో పెట్టుకో. కాంపాక్ట్ చిన్నది కాబట్టి చవక అనుకుంటారు. ఒక అంగుళం సెన్సర్ కాంపాక్ట్ ధర మొదటి మెట్టు డీఎస్‌ఎల్‌ఆర్ ధరతో సమానంగానో, అంతకన్నా ఎక్కువగానో ఉంటుంది.

వాడకంలో తేడాలు కూడా చెప్తాను. బ్యాటరీ విషయంలో డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఎదురు లేదు. నికాన్ డి3500 ఒక్క ఛార్జింగ్‌తో 1,550 ఫోటోలు తీస్తుందని కంపెనీ లెక్క. జి7 ఎక్స్ మార్క్ 3కి అది 235. రెండు రోజుల పెళ్ళికి కాంపాక్ట్ తీసుకెళ్తే అదనపు బ్యాటరీ తప్పనిసరి. చప్పుడు విషయంలో కాంపాక్ట్ గెలుస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ప్రతి ఫోటోకూ అద్దం పైకి లేచి పడుతుంది, ఆ టక్‌మన్న శబ్దానికి ఉయ్యాల్లో పసివాడు ఉలిక్కిపడొచ్చు.

నలభై దాటిన అక్కలకు ఒక మాట. చత్వారం వచ్చాక కళ్ళజోడు లేకుండా కెమెరా వెనక తెర మీద బొమ్మ మసకే. డీఎస్‌ఎల్‌ఆర్‌లో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పి మన చూపుకు సరిచేసుకోవచ్చు. జి7 ఎక్స్‌లో వ్యూఫైండర్ లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో గాలిపటాలు తీసేటప్పుడు కూడా ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇక బరువు. 1500డి కిట్ లెన్స్‌తో కలిపి దాదాపు 675 గ్రాములు, జి7 ఎక్స్ 304 గ్రాములు. చంకలో పిల్లవాడు, భుజాన సంచి ఉన్నప్పుడు ఈ తేడా నిజమైనదే. నీకు బరువనిపిస్తే చిన్నది తీసుకో, అందులో తప్పేం లేదు. కానీ "మీకు చిన్నది చాలమ్మా, పెద్దవి మీవల్ల కాదు" అని కౌంటర్ అవతల నుంచి ఎవరైనా అంటే ఆ మాట చెవిన పెట్టకు. మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా చీర కట్టుకుని, ఫ్లాష్ బల్బులు పెట్టే భారీ స్పీడ్ గ్రాఫిక్ కెమెరా పట్టుకుని ఢిల్లీలో పనిచేశారు. 2011లో ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది. ఏది మోయాలో తేల్చుకోవాల్సింది నీ భుజం, అమ్మేవాడి అంచనా కాదు.

జాగ్రత్త గురించి కూడా విను. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో తేమకు లెన్స్ లోపల బూజు పడుతుంది. బీరువాలో బట్టల మధ్య కెమెరా దాచకు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టు. వారానికొకసారైనా బయటికి తీసి వాడు. కాంపాక్ట్‌కైతే దుమ్ముతో ఇబ్బంది. ఆన్ చేసినప్పుడల్లా లెన్స్ బయటికి వచ్చి లోపలికి పోతుంటుంది, దాంతోపాటే సన్నటి దుమ్ము చేరుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌కు లెన్స్ తీసి సెన్సర్ తుడిపించవచ్చు. కాంపాక్ట్‌లో ఆ పనికి మొత్తం విప్పాలి. చేతిసంచిలో వట్టిగా పడేయకుండా చిన్న పౌచ్‌లో పెట్టుకో.

ఒక నిజం దాచకూడదు. డీఎస్‌ఎల్‌ఆర్‌ల కాలం వెనక్కి పోతోంది. కంపెనీలు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల మీదే దృష్టి పెట్టాయి. నికాన్ డి3500, డి5600ల తయారీ ఆగిపోయింది. దానికి నువ్వు బెంగపడనక్కర్లేదు. ఇప్పుడు కొన్న కానన్ ఈఎఫ్ లెన్సులు రేపు అడాప్టర్‌తో వాళ్ళ మిర్రర్‌లెస్ కెమెరాలకూ పనికొస్తాయి. అందరూ మిర్రర్‌లెస్‌కు మారుతుండటంతో మంచి డీఎస్‌ఎల్‌ఆర్‌లు సెకండ్‌హ్యాండ్‌లో సరసమైన ధరకు దొరుకుతున్నాయి. అలా కొంటే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడుగు. డి3500 షట్టర్‌ను లక్షసార్లు పనిచేసేలా తయారుచేశారు. లెన్స్‌ను వెలుతురుకెత్తి లోపల బూజు దారాలున్నాయేమో చూడు. నికాన్ డి3000, డి5000 వరస బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు, కాబట్టి వాటికి ఏఎఫ్-ఎస్ లెన్సులు తీసుకో. పాత ఏఎఫ్-డీ లెన్సులు పెడితే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి.

ఇన్ని చెప్పినా తేలకపోతే నీ ఫోనే నీకు దారి చూపిస్తుంది. గత ఏడాది ఫోటోలు తెరిచి, బాగా రాలేదని బాధపడ్డవాటిని మాత్రం చూడు. ముఖాలు కదిలిపోయి, చీకట్లో మురికి మురికిగా వచ్చినవి ఎక్కువున్నాయా? 50 ఎంఎం లెన్స్‌తో డీఎస్‌ఎల్‌ఆర్ నీకు సరైనది. దూరాన స్టేజీ మీదవో, కొమ్మ మీది పిట్టలవో అందక చెడిపోయాయా? అప్పుడూ డీఎస్‌ఎల్‌ఆరే, పెద్ద జూమ్ లెన్స్‌తో. అలా కాకుండా ప్రయాణాల్లో, రోజువారీ ఇంట్లో ఫోన్ కన్నా మెరుగ్గా వస్తే చాలు, సంచిలో ఎప్పుడూ ఉండాలి అనిపిస్తోందా? ఒక అంగుళం కాంపాక్ట్ తీసుకో, నిశ్చింతగా ఉండు.

ఏది కొన్నా, మొదటి వారంలోనే పచ్చ గుర్తు ఆటోమేటిక్ వదిలెయ్. కానన్‌లో ఏవీ, నికాన్‌లో ఏ అని ఉండే మోడ్‌కు తిప్పు. ఎఫ్ అంకెను వీలైనంత కిందికి దించు, ఐఎస్‌ఓ (వెలుతురును పసిగట్టే చురుకు) 1600 లేదా 3200 పెట్టు, ఫ్లాష్ ఆపు. బతుకమ్మ ఆటకు షట్టర్ వేగం సెకనులో 125వ వంతు, పరుగెత్తే పిల్లలకు 250వ వంతు కన్నా తగ్గకుండా చూసుకో. తగ్గితే ఐఎస్‌ఓ ఇంకొంచెం పెంచు. ఫోటోలో కాస్త గరుకు కనిపించినా ఫరవాలేదు, కదిలిపోయిన ముఖాన్ని మాత్రం మళ్ళీ సరిచేయలేం.

డీఎస్‌ఎల్‌ఆరే అని నిర్ణయించుకున్నావా, కెమెరా ధర పక్కనే రెండో లెన్స్ ధర కూడా ఇవాళే రాసుకో. రెండూ కలిపితే నీ డబ్బుకు మించుతోందా, బాడీ సెకండ్‌హ్యాండ్‌కు దిగు, లెన్స్ మాత్రం వదులుకోకు. నీ కష్టార్జితంతో నీకోసం కొనుక్కుంటున్న వస్తువు ఇది. అడగాల్సినవన్నీ అడిగి, చేతిలో పట్టుకుని చూసి, కొట్లోనే లైటు తక్కువున్న మూలకు వెళ్ళి నాలుగు ఫోటోలు తీసి మరీ కొను.