పేకాటలో నేర్పెంత? అదృష్టమెంత?

ఈ సంచికకు ఒక సైన్సు వ్యాసం వ్రాయమని మా స్టాటిస్టిక్స్ సారు చెప్పినప్పుడు అంతరిక్షం గురించో, అణుశక్తి గురించో వ్రాద్దామనుకున్నాను. కాని వాటి గురించి నాకంటే బాగా వ్రాయగలవాళ్ళు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. నేను దగ్గరనుంచి చూసిన విషయం ఒకటుంది, అది పేకాట. నవ్వకండి. నేను ఆడను. కాని ఆడినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

మాది అనంతపురం జిల్లా కణేకల్. మా పక్క తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి మళ్ళున్నాయి, కాలువ అందని చోట వాన మీదే ఆధారపడిన మెట్ట చేలున్నాయి. మా ఐదెకరాలూ మెట్టే. 2019 ఎండాకాలంలో మా అన్న, శెనక్కాయ విత్తనాలకని దాచిన పద్దెనిమిది వేల రూపాయలు సెల్‌ఫోన్లో రమ్మీ ఆడి పోగొట్టాడు. అప్పటికి మన రాష్ట్రంలో దానిమీద నిషేధం రాలేదు. నాయన నిలదీస్తే అన్న ఒకటే మాట అన్నాడు: "ఇది జూదం కాదు నాయనా, తెలివి ఆట. సుప్రీంకోర్టే చెప్పింది."

మా నాయన దగ్గర దానికి జవాబు లేదు. పద్నాలుగేళ్ళ నా దగ్గరా లేదు. డిగ్రీలో సంభావ్యత పాఠం చదివాక ఆ జవాబు దొరికింది. అదే ఈ వ్యాసం.

కోర్టు చెప్పినదేమిటి?

అన్న చెప్పింది అబద్ధం కాదు. అది మన తెలుగునాట పుట్టిన కేసే. 1963 మే నెలలో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవాళ్ళను పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ, కె. సత్యనారాయణ తదితరులకూ మధ్య నడిచిన ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రమ్మీ, మూడు ముక్కలాటలాగా కేవలం అదృష్టం మీద నడిచేది కాదనీ, ఏ ముక్కలు పడ్డాయో గుర్తుపెట్టుకోవడానికీ, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడానికీ నేర్పు కావాలనీ జస్టిస్ హిదయతుల్లా ఆ తీర్పులో వ్రాశారు.

కాని అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. క్లబ్బు యజమాని ఆ ఆట మీద లాభం గుంజుతున్నట్టు సాక్ష్యముంటే అది నేరం కావచ్చు అన్నారు. మొదటి మాట ఊరూరా పాకింది. రెండో మాట ఎవరికీ పట్టలేదు.

నేర్పు ఎప్పుడు బయటపడుతుంది?

ఇద్దరే ఆడే ఒక ఆట తీసుకుందాం. ఇద్దరూ సమానులైతే నూరు ఆటల్లో చెరి యాభై గెలవాలి. ఒకడు కొంచెం నేర్పరి, సగటున నూటికి 52 గెలుస్తాడనుకోండి. అనగా అతని నేర్పు విలువ నూటికి రెండు ఆటలు.

ఇప్పుడు అదృష్టాన్ని కొలుద్దాం. దీనికి ప్రామాణిక విచలనం అనే కొలబద్ద ఉంది. ఇటువంటి ఆటలో అది ఆటల సంఖ్య వర్గమూలంలో సగం. నూరు ఆటలకు వర్గమూలం 10, అందులో సగం 5. అంటే నూరు ఆటల్లో అదృష్టం ఒక్కటే ఐదు ఆటలు అటూ ఇటూ ఊపేస్తుంది. రెండాటల నేర్పు అందులో ఎక్కడ కనిపిస్తుంది? నేర్పరి ఓడిపోవచ్చు, చేతగానివాడు మొనగాడనిపించుకోవచ్చు.

అదే పదివేల ఆటలు ఆడితే? నేర్పు విలువ 200 ఆటలకు పెరుగుతుంది. అదృష్టం ఊపు మాత్రం 50 దగ్గరే ఆగుతుంది. ఆటలు నూరురెట్లయితే నేర్పు నూరురెట్లు పెరిగింది, అదృష్టం పదిరెట్లే పెరిగింది. ఒక రాత్రి ఆటలో అదృష్టం రాజు, వేల ఆటల్లో నేర్పు రాజు. కాబట్టి "నేర్పా, అదృష్టమా?" అని అడిగేటప్పుడు "ఎన్ని ఆటల్లో?" అని కూడా అడగాలి.

పోకర్ పందేలు

విదేశాల్లో పోకర్ అనే పేకాటకు పెద్ద టోర్నమెంట్లు జరుగుతాయి. 2003లో అమెరికాలో జరిగిన ప్రపంచ పోకర్ పోటీ ప్రధాన పందెంలో 839 మంది ఆడారు. ప్రవేశ రుసుమే పదివేల డాలర్లు. క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు ఇంటర్నెట్లో చిన్న రుసుముతో అర్హత పోటీ గెలిచి వచ్చి, పేరుమోసిన ఆటగాళ్ళందరినీ దాటి 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఒక్క టోర్నమెంటులో అదృష్టం ఏం చేయగలదో చూడండి.

రెండోవైపు చూస్తే, లెవిట్, మైల్స్ అనే ఇద్దరు ఆచార్యులు 2010 నాటి ప్రపంచ పోటీల లెక్కలన్నీ తీశారు. ముందే నేర్పరులుగా పేరున్నవాళ్ళు పెట్టిన సొమ్ము మీద సగటున 30 శాతం పైగా లాభపడ్డారు. మిగిలినవాళ్ళు సగటున 15 శాతం పైగా నష్టపోయారు. కాబట్టి నేర్పు ఉన్నమాట నిజం. కాని అది సగటులో మాత్రమే కనిపించింది. మనీమేకర్ కథ విని ఆటలో దిగినవాళ్ళలో ఎక్కువమంది చేరేది ఆ రెండో గుంపులోకే.

కోత

అన్న తాను నేర్పరినన్నాడు. ఒప్పుకుందాం. నూటికి 52 గెలిచేవాడే అనుకుందాం. కాని ఫోను రమ్మీలో ఆట నడిపేవాడు ప్రతి పందెంలోనూ కొంత కోసుకుంటాడు. ఉదాహరణకు, చెరి నూరు పెడితే పోగైన 200లో పది రూపాయలు కోత అనుకోండి. గెలిస్తే వచ్చేది 90, ఓడితే పోయేది 100.

నూరు ఆటలకు: 52 × 90 = 4680 రాబడి; 48 × 100 = 4800 పోకడ. తేడా 120 రూపాయలు నష్టం! పదివేల ఆటలు ఆడితే పన్నెండు వేల నష్టం. అతను నేర్పరి అని తేలిపోతుంది, జేబూ ఖాళీ అయిపోతుంది. ఈ కోత మీద నష్టం లేకుండా ఉండాలంటే నూటికి 53 గెలవాలి. ఇద్దరూ నేర్పరులైతే ఇద్దరూ ఓడతారు, గెలిచేది కోత తీసేవాడొక్కడే. 1967 తీర్పులో ఎవరికీ పట్టని రెండో మాట ఇదే కదా!

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నేర్పు ఆటైనా అదృష్టం ఆటైనా తేడా చూడకుండా ఆన్‌లైన్ డబ్బాటలన్నింటినీ కాదంది. నా లెక్క ప్రకారం అది సబబే.

మా చేనులో ఆట

ఇంతవరకూ పేకాట. ఇక అసలు మాట చెబుతాను. మా ఊళ్ళో రచ్చకట్ట దగ్గర, పంట పోయిన రైతును "వానికి సేద్యం చేతగాదప్పా" అంటారు. మా నాయననూ అన్నారు. ఆ మాట నా చెవినబడింది.

అనంతపురంలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు మూడు వారాలు మొహం చాటేస్తే శెనక్కాయ చేతికి రాదు. ఇందులో మెట్ట రైతు ఆడేది ఏడాదికి ఒక్క ఆట. జీవితమంతా కలిపి నలభై ఆటలు. పై లెక్కే వేయండి: నలభై ఆటల్లో రెండు శాతం నేర్పు విలువ ఒక ఆటకు కూడా తక్కువ, అదృష్టం ఊపు మూడాటలకు పైన. ఒక మనిషి నేర్పు తేలడానికి ఒక జన్మ చాలదు. మరి రెండు పంటలు చూసి చేతగానివాడని ఎలా అంటాం? పైగా ఇక్కడా కోత ఉంది. వాన పడినా పడకపోయినా వడ్డీ కట్టాల్సిందే.

కాలువ కింద రైతుకు అదృష్టంతో పని లేదనుకోకండి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఆయకట్టు రైతులకు నిద్ర పట్టలేదు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో వారంలోపే స్టాప్‌లాగ్ దించి నీళ్ళు ఆపారు. తెగడం దురదృష్టం, ఆపడం నేర్పు.

మరి మెట్టలో నేర్పు ఎక్కడుంది? మా నాయన ఏడు సాళ్ళ శెనక్కాయకు ఒక సాలు కంది వేస్తాడు. శెనక్కాయ ఎండినా, కంది చేనులో ఇంకా నిలిచి ఉండి వెనకాల పడే వానను అందుకుంటుంది. స్టాటిస్టిక్స్ భాషలో చెప్పాలంటే ఒకే ముక్క మీద అంతా పెట్టకుండా ఒక ఆటను రెండాటలు చేశాడన్నమాట. మా నాయన ఐదో తరగతి దాటలేదు.

మొన్న సంక్రాంతికి ఊరికెళ్ళినప్పుడు ఈ లెక్కంతా కాగితం మీద వేసి అన్నకు చూపించాను. అన్న ఇప్పుడు నాయనతోనే సేద్యం చేస్తున్నాడు. 53 అన్న అంకె దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు. "ఇది ఆ పొద్దే చెప్పింటే..." అన్నాడు. నాయన మాత్రం "వాన పడిన ఏడు అందరం మొనగాళ్ళమే అప్పా. పడని ఏడు ఎవరు మిగిలినారో వాడే నేర్పరి" అన్నాడు.

మిత్రులారా! పరీక్షలో ర్యాంకు వచ్చినవాణ్ణి మొనగాడనేముందు, రానివాణ్ణి పనికిరానివాడనేముందు, వాడు ఎన్ని ఆటలు ఆడాడో, వాడి చేతిలోంచి ఎవరెంత కోశారో ఒకసారి లెక్క వేయండి. అంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

— బి.ఎస్సి. విద్యార్థి, కణేకల్