డాబా మీద పనికి మనిషి కావాలి

కోఠి ట్రూప్ బజార్‌లో గీజర్లు, పైపులు, స్విచ్‌బోర్డులు అమ్మే దుకాణాల మధ్య మొన్న ఒక తండ్రి, నేను పిల్లల చదువులకు సలహాలు చెబుతుంటానని తెలిసి, నన్ను ఆపారు. "సార్, సోలార్‌కి గవర్నమెంటు డబ్బులిస్తోంది కదా. మావాణ్ని పది రోజుల కోర్సులో చేర్పించి ఏజెన్సీ పెట్టిద్దామనుకుంటున్నా. 80 వేలు అడుగుతున్నారు, కట్టేయమంటారా?" పక్కనే ఇంటర్ పాసైన కొడుకు తల దించుకుని నిలబడ్డాడు.

వద్దన్నాను.

సబ్సిడీ మాట నిజమే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం 75,021 కోట్ల రూపాయలతో, కోటి ఇళ్లు లక్ష్యంగా పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకుంటే 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేలు, మూడో కిలోవాట్‌కు 18 వేలు. ఎంత పెద్దది పెట్టుకున్నా 78 వేలు దాటదు. ఆ డబ్బు పడేది ఇంటివారి ఖాతాలో. కోర్సులు అమ్మేవాళ్లు మాత్రం అదంతా మీ పిల్లవాడి జేబులోకే వస్తుందన్నట్టు చెబుతున్నారు. పది రోజుల్లో ప్యానెల్ బిగించడం చూడొచ్చు. కరెంటు పని చేతికి రాదు.

పైగా పథకాన్ని నమ్ముకుని బతుకు కట్టుకోకూడదు. సంప్రదాయేతర ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ ఆఫీసు నాంపల్లి పిస్గా కాంప్లెక్స్‌లో ఉన్న రోజులు నాకు గుర్తే. అప్పట్లో సబ్సిడీ అంటే సోలార్ వాటర్ హీటర్లే. ఆ కేంద్ర సబ్సిడీ 2014లో ఆగిపోయింది. హీటర్లు మాత్రం డాబాల మీదే ఉన్నాయి, వాటి రిపేర్లూ ఉన్నాయి. పోయిన చలికాలం మా ఇంట్లో వేడినీళ్లు ఆగిపోతే ఒక మెకానిక్ వచ్చాడు. గాజు గొట్టం ఒకటి ఊడదీసి బోర్లించి తడితే, బోరు నీళ్ల సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. "గాలి గొట్టం కూడా పూడుకుపోయింది సార్, చన్నీళ్ల ట్యాంకు ఇంకాస్త ఎత్తులో ఉండాల్సింది" అన్నాడు. అతను చదివింది ఐటీఐ. ఆ రోజు మాది అతనికి నాలుగో ఇల్లు.

అందుకే ఎవరడిగినా నేను ముందు మల్లేపల్లి ప్రభుత్వ ఐటీఐ పేరే చెబుతాను. పది పాసైతే చాలు, ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు. ఆ తర్వాత సోలార్ పని నేర్పే సూర్యమిత్ర శిక్షణ, దానికి ఫీజు లేదు. ఆపైన వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకుని ఒక మంచి కాంట్రాక్టర్ దగ్గర నాలుగేళ్లు పనిచేస్తే, ఏజెన్సీ పెట్టాలో వద్దో పిల్లవాడికే తెలుస్తుంది. చదువు మీద ఇష్టం ఉంటే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ గానీ మెకానికల్ గానీ తీసుకోవచ్చు. పని సోలార్‌లోనే కాదు, నీళ్లు కాచడానికి ఒక యూనిట్ కరెంటుతో దాదాపు మూడు యూనిట్ల వేడినిచ్చే హీట్ పంపులు మన హోటళ్లకూ హాస్టళ్లకూ వస్తున్నాయి. ఫ్రిజ్, ఏసీ పని తెలిసినవాడికి అవి కొత్తగా ఉండవు.

హీట్ పంపుల పేరు చెప్పి ఇంకో వల కూడా పన్నుతున్నారు. ఇంగ్లండ్‌లో పాత గ్యాస్ బాయిలర్ తీసి హీట్ పంపు పెట్టుకునే ఇంటికి 2023 అక్టోబరు నుంచి 7,500 పౌండ్లు ఇస్తున్నారు. జర్మనీలో ఖర్చులో 70 శాతం దాకా వస్తుంది. అక్కడ బిగించేవాళ్లకు గిరాకీ ఉన్నమాట వాస్తవం. దాన్ని చూపించి లక్షలు అడిగే ఏజెంటుకు మాత్రం పైసా ఇవ్వొద్దు. పొలం కాగితాలు తాకట్టు పెట్టి వచ్చిన తల్లులను చూశాను, ఆ బాధ చూడలేం. విదేశీ ఉద్యోగాలకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మల్లేపల్లి ఐటీఐ ఆవరణలోనే ఉంది, ముందు అక్కడ అడగండి. జర్మన్ భాష రాకుండా, చేతిలో ట్రేడ్ లేకుండా జర్మనీ వెళ్తానంటే నేను ఒప్పుకోను.

తల్లిదండ్రులకు ఒక మాట. "మావాడు స్క్రూడ్రైవర్ పట్టుకోవాలా?" అని పిల్లల ముందే అంటున్నారు. ఆ మాట విన్న పిల్లవాడు ఇష్టమైన పనిని కూడా దాచుకుంటాడు. ఇష్టంలేని కంప్యూటర్ సైన్స్ సీటుకు లక్షలు పోసి, బ్యాక్‌లాగులతో కుంగిపోతున్న పిల్లలు వారానికి ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వస్తున్నారు. దయచేసి ఆపండి.

ఆ రోజు ట్రూప్ బజార్‌లో మేం నిలబడ్డ దుకాణం ముందు ఒక సోలార్ హీటర్ నిలబెట్టి ఉంది. అంతసేపూ మాట్లాడని కుర్రాడు దాని దగ్గరికెళ్లి వంగి చూసి, "సార్, ఇందులో మోటారు లేదు కదా, నీళ్లు పైట్యాంకులోకి ఎలా ఎక్కుతాయి?" అన్నాడు. వేడెక్కిన నీళ్లు తేలికై పైకి పోతాయని, చల్లటివి ఆ చోటికి దిగుతాయని దుకాణదారు గొట్టం మీద వేలు పెట్టి చూపించాడు. కుర్రాడు ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. మల్లేపల్లిలో అప్లికేషన్లు ఎప్పుడిస్తారని తండ్రి అడిగింది ఆ తర్వాతే.