హెచ్.ఐ.వి. నివారణ - గ్రామాభివృద్ధి

పంచాయతీ సభ్యులు రోడ్డును, బోరును, బడిని అభివృద్ధిగా నెంచుట సహజము. హెచ్.ఐ.వి. నివారణయు అందులోని భాగమే యని మనవి చేయుచున్నాము.

శ్రీ సత్యసాయి జిల్లాలోని తలుపుల ప్రాంతము కరవు సీమ. వానలు తప్పి వేరుసెనగ పోయినపుడు పలువురు కూలికై బెంగుళూరు మున్నగు నగరములకు పోవుదురు. వలస తప్పు కాదు. కాని నెలల తరబడి ఇల్లు విడిచియుండుట, వ్యాధిని గూర్చిన తెలియమి, పరీక్షకు జంకుట ముప్పును పెంచును. సంపాదించువారు మంచము పట్టినచో అప్పు పెరుగును, గొఱ్ఱెలు అమ్ముడుపోవును, బిడ్డలు బడి మానుదురు. ఇట్లు పేదరికమునకు వ్యాధియు, వ్యాధికి పేదరికమును తోడగుచున్నవి.

2021 అంచనా ప్రకారము 15 - 49 ఏండ్లవారిలో హెచ్.ఐ.వి. దేశమున నూటికి 0.21 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. అయినను నిరాశ వలదు. 2004 నుండి ఏ.ఆర్.టి. మందులు ప్రభుత్వమే ఉచితముగా నిచ్చుచున్నది. క్రమముగా వాడువారు యథాప్రకారము పనిచేసికొనగలరు. గర్భిణికి సకాలమున పరీక్ష, చికిత్స జరిగినచో బిడ్డను చాలవరకు కాపాడవచ్చును.

రోగిని ఊరు వెలివేసినచో అతడు జబ్బును దాచును, మందు మానును, కుటుంబము కూలును. వివక్షను 2017 నాటి చట్టము నిషేధించినది. కావున సభ్యులు గ్రామసభలో ఈ విషయము చెప్పవలెను. ఎవరి పేరును బయటపెట్టరాదు. వలస వెళ్ళి వచ్చినవారిని పరీక్షకు ప్రోత్సహింపవలెను. రోగి బిడ్డలు బడి మానకుండ చూడవలెను. సందేహములకు 1097 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.