ఘర్షణ గుణకం విషయమై చిట్టితల్లికి

ఊర్జానగర్, చంద్రపూర్

 

ఘర్షణ గుణకాన్ని 0.25 నుండి 0.40కి పెంచగానే డ్రిల్ స్ట్రింగ్ బరువుకు కంప్యూటర్ గీసిన గీత, బావి తవ్వే రిగ్గు మీది కొలతలతో కలిసిపోయిందని రాజమహేంద్రవరం నుండి చిట్టితల్లి సంతోషంగా వ్రాసిన వాక్యం పెదనాన్నను కలవరపెట్టింది. చమురు బావిలోకి, రాతిని తొలిచే బిట్‌ను దించే ఉక్కు గొట్టాల వరుసనే డ్రిల్ స్ట్రింగ్ అంటారు. 3,000 మీటర్ల లోతుకు చేరిన 5 అంగుళాల వరుస పొడవు దాని వ్యాసానికి 20 వేల రెట్లు దాటుతుంది కనుక, అంత సన్నని వస్తువు వంగక, బావి గోడను రాసుకోక తప్పదు. అడుగున ఒత్తిడికి లోనైన భాగం ఎప్పుడు వంకర తిరుగుతుందో 1950లో లుబిన్స్కీ అనే ఇంజినీరు లెక్కకట్టగా, వరుసను చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్క గోడను ఎంత నొక్కుతుందో కింది నుండి పైకి కూడుతూ వచ్చే పద్ధతిని 1984లో జొహాన్సిక్ బృందం ప్రచురించింది.

ఆ పద్ధతిలో ఘర్షణ గుణకమనేది ఉక్కుకూ రాతికీ మధ్య రాపిడి మాత్రమే కాదు. అడుగున పేరుకున్న రాతి పొడి, ఉబ్బిన షేల్ పొర, కొలతకు అందని బావి వంపు, అన్నీ ఆ ఒక్క అంకెలోనే దాగుతాయి. కనుక గీతలు కలవడం కోసం దానిని పెంచితే బావి చెబుతున్న సమాచారమే చెరిగిపోతుంది. బిట్‌ను అడుగు నుండి కొద్దిగా ఎత్తి వరుసను తిప్పుతున్నప్పుడు రాపిడి తిరుగుడుకే అడ్డుపడుతుంది కనుక, వరుసను పైన వేలాడదీసిన హుక్ మీద పడే బరువులో దాని పాలు దాదాపు ఉండదు. ముందుగా ఆ బరువు లెక్కతో సరిపోవాలి, తరువాతనే పైకి లాగిన, కిందికి దించిన కొలతల నుండి గుణకాన్ని తీయాలి.

అంకె బాగున్నా పరీక్షించాలని పెదనాన్న నేర్చుకున్నది ఉద్యోగంలో చేరిన కొత్తలో. అప్పుడు ఇక్కడి థర్మల్ కేంద్రంలో నిమిషానికి 3,000 సార్లు తిరిగే టర్బైన్ పక్కన ఒక వృద్ధ ఫోర్‌మన్ ఉండేవారు. మీటరు బాగానే ఉందని కుర్రవాళ్ళు చెప్పినా, ఆయన ఇనుప కడ్డీని బేరింగుకు ఆనించి చెవితో వినేవారు.  అయినా ఆ టర్బైన్ ఇరుసును బేరింగులు పట్టి ఉంచుతాయి. డ్రిల్ స్ట్రింగ్‌కు ఆ అండ లేదు. పైన సమంగా తిరుగుతున్నా అడుగున బిట్ క్షణకాలం ఆగి, వెంటనే రెండు మూడు రెట్ల వేగంతో తిరగవచ్చు. స్టిక్ స్లిప్ అనే ఈ కుదుపు వరుస నిలకడగా కదులుతుందని అనుకుని వేసిన లెక్కలో కనబడదు.

తల్లీ, ఇది కోపం కాదు, జాగ్రత్త కోసమే. కోనసీమలోని పాశర్లపూడి గ్యాస్ బావిలో 1995 జనవరి 8న మొదలైన మంట 65 రోజులు ఆరనప్పుడు నాయనమ్మ పడిన భయం ఇంట్లో అందరికీ తెలిసినదే. ఆ ప్రమాదాన్ని ఈ లెక్కకు అంటగట్టడం న్యాయం కాదు గాని, కోనసీమలో బావుల పక్కనే ఊళ్ళుంటాయన్న సంగతి లెక్క వేసేవారు మరువకూడదు.

కనుక గుణకం మార్చిన ప్రతిసారీ లోతు, పాత అంకె, కొత్త అంకె, కారణం నోటుపుస్తకంలో వ్రాయాలి. కారణం దొరకకపోతే అంకెను మార్చకుండా, రిగ్గుకు వెళ్ళి డ్రిల్లర్‌ను అడగాలి. వేళకు భోజనం చేయాలి. వచ్చే ఉత్తరంలో ఆ బావి మూడు బరువులు, లాగినది, దించినది, తిప్పినది, విడివిడిగా వ్రాయవలెను.

ఆశీస్సులతో,
పెదనాన్న