షెల్లు మారినచో బిల్డు ఏల విఫలమగును?

ఇంటి కంప్యూటరుపై చక్కగా తయారైన ప్రోగ్రాము పాఠశాల కంప్యూటరుపై తయారు కాకపోవుట విద్యార్థులకు తరచుగా ఎదురగు చిక్కు. ఒక్క అక్షరమైనను మార్చకున్నను బిల్డు నడుమ ఆగిపోవును. అప్పుడు విద్యార్థి తన ప్రోగ్రామునే శంకించి, నిర్దోషమైన పంక్తులను చెరిపి తిరుగ వ్రాయుచు దినములు వ్యర్థపుచ్చును. దోషము వేరొకచోట నుండుటకు గల కారణమును ఈ పాఠమున తెలిసికొందము.

మనము వ్రాసిన మూలమునుండి నడువదగిన ప్రోగ్రామును సిద్ధము చేయుటయే బిల్డు. అందు కంపైలరును పిలుచుట, ఫైళ్లను కదలించుట మున్నగు ఆజ్ఞలను చదివి నెరవేర్చునది షెల్లు. యూనిక్స్ వంశపు వ్యవస్థలలో 'ఎస్‌హెచ్' అను పేర ఒక షెల్లు ఉండును. వేరుగా చెప్పనియెడల 'మేక్' అను సాధనము తన ఆజ్ఞలను దానికే అప్పగించును.

చిక్కంతయు ఆ పేరులోనే కలదు. 1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో వెలువడిన స్టీఫెన్ బోర్న్ గారి షెల్లునకు ఆ పేరుండెను. 1989లో బ్రయన్ ఫాక్స్ గారు రచించిన బ్యాష్ పెక్కు లినక్స్ వ్యవస్థలలో ఆ స్థానమును పొంది, తనవైన క్రొత్త ప్రయోగములను చేర్చుకొన్నది. పిమ్మట 2006లో ఉబుంటు 6.10, 2011లో డెబియన్ 6 ఆ పేరును డ్యాష్ అను చిన్న షెల్లునకు ఇచ్చినవి. డ్యాష్ త్వరగా పనిచేయును. కాని బ్యాష్ ప్రత్యేక ప్రయోగములను ఎరుగదు.

ఒకే కాయను కొందరు తెలుగువారు సొరకాయ యనియు, కొందరు ఆనపకాయ యనియు అందురు. అంగడివానికి ఒక మాట తెలియనంత మాత్రమున అడిగినవాని తెలుగు తప్పు కాదు. పలు తావుల తెలుగు వినుచు పెరిగిన మన పిల్లలకు ఇది తెలిసినదే. షెల్లుల భేదమును ఇట్టిదే.

దీని గుర్తులు కొన్ని గలవు. జంట చదరపు బ్రాకెట్లను గాని, 'సోర్స్' అను ఆజ్ఞను గాని చూచినపుడు డ్యాష్ 'నాట్ ఫౌండ్' అనును. పోలికకై జంట సమాన చిహ్నములు వ్రాసినచో 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఆపరేటర్' అనును. అట్టి పోలిక విఫలమైనను స్క్రిప్టు ఆగక తప్పుదారిని సాగి, ఎంతో దూరమున కూలవచ్చును. కావున చివరి సందేశమును గాక మొదటి సందేశమును చదువవలెను. పిమ్మట 'ఎస్‌హెచ్' అను లింకు ఏ షెల్లును చూపుచున్నదో పరిశీలింపవలెను.

నివారణమార్గములు రెండు. మొదటిది, 1992 నాటి పోసిక్స్ ప్రమాణము ఏర్పరచిన ఉమ్మడి భాషలో వ్రాయుట: పోలికకు ఒక్కటే సమాన చిహ్నము, 'సోర్స్' నకు బదులు ఒక చుక్క. రెండవది, బ్యాష్ తప్పనిసరియైనచో ఆ మాటను ముందే తెలుపుట: స్క్రిప్టు మొదటి పంక్తిలోను, మేక్‌ఫైలునందలి 'షెల్' చరరాశిలోను బ్యాష్ పేరు వ్రాయవలెను. అయితే స్క్రిప్టును 'ఎస్‌హెచ్' ఆజ్ఞతో నడిపినచో ఆ మొదటి పంక్తి వ్యర్థమగును.

కొందరు కంప్యూటరులోని లింకునే బ్యాష్ వైపు త్రిప్పుదురు. ఆ యంత్రమున బిల్డు సాగును. స్క్రిప్టును పుచ్చుకొన్న ఇతరుల చిక్కు మాత్రము తీరదు. మన పని పరుల ఇంటను నడువవలెనన్నచో ఉమ్మడి మాటలో వ్రాయుదము. మన మాటయే కావలసివచ్చినచో ముందుగా చెప్పుదము.