టీకా వేసిన పిదప వచ్చు జ్వరము

మన సంఘసభ్యులలో పలువురి బిడ్డలు మాదాపూరు కచేరీలలో ఉద్యోగములు చేయుచున్నారు. 2021 జూన్ 6వ తేదీన అచ్చటి హైటెక్స్ ప్రాంగణమున ఒక్కదినముననే వేలకొలది జనులకు కోవిడ్ టీకాలు వేసిరి. అందు వేయించుకొనిన యొక యువకునికి ఆ రాత్రియే జ్వరమును ఒడలినొప్పులును పట్టి, మరునాటి సాయంకాలమునకు తగ్గెను. ఆ నెలలోనే పల్లెలో కోవిషీల్డు వేయించుకొనిన అతని తండ్రికి భుజము నొప్పియైన లేదు. “వానికి మందు, నాకు నీళ్లు!” అని ఆ పెద్ద నిశ్చయించుకొని, రెండవ డోసునకు పోనని కూర్చుండెను. ఇట్టి తలంపు ఒక్కరిది కాదు గనుక విచారింతము.

టీకా లోనికి పోయిన పిమ్మట రెండు పనులు జరుగును. మొదటిది చేని కావలివాని కేక వంటిది. సూది గ్రుచ్చిన చోటనున్న రక్షకకణములు కొన్ని గంటలలోనే సైటోకైనులను రసాయనములను విడుచును. వానివలన చేయి వాచును. ఒంటి వేడిని నియమించు మెదడు భాగము ఆ వేడిని హెచ్చించును. అదియే జ్వరము. సాధారణముగ ఒకటి రెండు దినములలో అణగును. రెండవ పని చప్పుడు లేక సాగును. చంకలోని గ్రంథులలో తెల్లకణములు ఆ రోగపు గుర్తును నేర్చుకొని యాంటీబాడీలను పుట్టించుటకు సుమారు రెండు వారములు పట్టును. గుర్తును దాచుకొను జ్ఞాపకకణములును మిగులును. మనలను కాపాడునది ఈ రెండవ పనియే. కేక వినబడనంతమాత్రమున కావలి లేదనరాదు.

2020లో ఫైజరు టీకాను పరీక్షించినపుడు, రెండవ డోసు పిదప జ్వరము వచ్చినవారు 55 ఏండ్ల లోపువారిలో నూటికి సుమారు 16 మంది, అంతకు పైబడినవారిలో 11 మంది. అయినను టీకా లేనివారితో పోల్చగా రోగము నూటికి 95 పాళ్లు తగ్గెను. జ్వరము రానివారికి రక్షణ లేనిచో ఈ లెక్క కుదరదు గదా! ఉప్పునీరు మాత్రమే ఎక్కించినవారిలోను తలనొప్పి యనినవారు, బడలిక యనినవారు పలువు రుండిరి. కొన్ని పరిశోధనలలో జ్వరము వచ్చినవారికి యాంటీబాడీలు కొంత హెచ్చుగ కనబడినమాట నిజమే. కాని రానివారికిని అవి బాగుగనే పుట్టినవి. వృద్ధులకు ఇట్టి బాధలు తక్కువ. యువకులకును స్త్రీలకును ఎక్కువ.

గాలికుంటు టీకా వేసిన గేదె ఒకటి రెండు దినములు పాలు తగ్గించుట మన మెరుగుదుము. అందులకై పశువును దాచువారును కలరు. ఆ తగ్గిన పాలను కొలుచువారు, వ్యాధి వచ్చిన ఏట పోవు పాడిని కొలువరు!

అయితే అన్ని బాధలును ఒక్కటి కావు. టీకా వేసిన కొలది నిమిషములలో ఒడలెల్ల దద్దురులు లేచుట, ముఖము వాచుట, ఊపిరాడకుండుట ప్రమాదకరములు. అందులకే అరగంట కూర్చుండుమందురు. కోవిషీల్డు వంటి టీకా పిదప మిక్కిలి అరుదుగ రక్తము గడ్డకట్టుటయు కలదు. కొన్ని దినములకో వారములకో విడువని తీవ్రమైన తలనొప్పి, కాలివాపు, రొమ్మునొప్పి, ఆయాసము కనబడినచో, మందు పనిచేయుచున్నదని ఊరకుండక వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను.

ఆ పెద్దకు ఇవన్నియు రెండు సాయంకాలములు కూర్చుండి చెప్పితిమి. గడువు రాగానే రెండవ డోసు వేయించుకొని, ఈసారియు జ్వరము రాలేదని మాకు కబురంపెను.